రాత్రి రెండు గంటలప్పుడు: ఒక ఆన్‌లైన్ జూదం కేసు

నేను గోదావరి డెల్టాలో ఓ చిన్న పట్టణంలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. చుట్టూ రొయ్యల చెరువులు, ఐస్ ఫ్యాక్టరీలు, మేత దుకాణాలు. ఫోన్లో జూదమాడి అప్పులపాలైనవాళ్లు మూడు నాలుగేళ్లుగా నా దగ్గరికి ఎక్కువగా వస్తున్నారు. వాటిలో ఈ కేసునే రాయడానికి కారణం ఉంది. ఇందులో నేను రెండు చోట్ల తప్పు నిర్ణయం తీసుకున్నాను. ఆ తప్పులు ఎక్కడ జరిగాయో తెలిశాకే ఆ రొయ్యల రైతుకు పనికొచ్చే దారి దొరికింది. అతనూ భార్యా చదివి సరేనన్నాకే దీన్ని బయటపెడుతున్నాను. ఊరు, వయసు, అంకెలు, కొన్ని చుట్టరికాలు మార్చాను.

ఇల్లు, చెరువు

ముప్పై దాటినవాడు. డిగ్రీ మధ్యలో ఆపేసి తండ్రితో కలిసి రెండు వనామీ రొయ్యల చెరువులు చూసుకుంటున్నాడు. ఒకటి సొంతం, ఒకటి లీజు, మొత్తం ఐదెకరాలు. భార్య, నాలుగేళ్ల పాప. మందు అలవాటు లేదు. ఊళ్లో మంచి పేరు.

ఆ ఇంట్లో జూదమంటే కొత్తేం కాదు. సంక్రాంతికి తండ్రి కోడిపందేల బరి దగ్గరికి వెళ్లేవారు. గుండాటలో వెయ్యో రెండు వేలో పెట్టి, పోతే నవ్వుకుంటూ వచ్చేసేవారు. కనుమతో అది ముగిసిపోయేది. జూదమంటే మూడు రోజుల ముచ్చటని నమ్మిన ఇంట్లో, ఏడాది పొడుగునా సాగుతున్న జూదం ఎవరి కంటా పడలేదు.

రొయ్యల సాగు గురించి నాలుగు మాటలు చెప్పకపోతే ఈ కేసు అర్థం కాదు. వనామీ పంట దాదాపు నాలుగు నెలలది. మేత అరువు మీద వస్తుంది. పట్టుబడి రోజున, అంటే రొయ్యలు పట్టి అమ్మే రోజున, డబ్బంతా ఒక్కసారి చేతికొస్తుంది. రాత్రిళ్లు నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లవారుజామున మరీ తక్కువ. అందుకే నీళ్లను చిలికి గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతూ ఉండాలి. కరెంటు పోతే వెంటనే జనరేటర్ వెయ్యాలి, లేకపోతే కాసేపట్లోనే రొయ్య పైకి తేలుతుంది. అంటే రాత్రంతా ఎవరో ఒకరు మెలకువగా ఉండాలి. ఆ ఇంట్లో ఆ ఒకరు ఇతనే. చెరువు గట్టు మీద రేకుల షెడ్డు, ఒక మంచం, ఒక బల్బు, చేతిలో ఫోను.

2022లో రమ్మీతో మొదలైంది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని ఆంధ్రప్రదేశ్‌లో 2020లోనే నిషేధించారు. ఫోన్లో లొకేషన్ మార్చే యాప్ వేసుకుని ఆడేవాడు. ఏడాది తిరిగేసరికి విమానం ఆటలోకి వెళ్లాడు. తెర మీద చిన్న విమానం ఎగురుతూ ఉంటుంది, అది పైకి పోయేకొద్దీ పెట్టిన డబ్బు రెట్టింపులవుతూ కనబడుతుంది. అది మాయమయ్యేలోపు బయటికి తీసుకోవాలి. ఒక్కో ఆట నిమిషం కూడా పట్టదు. పేకాటలో ముక్కలు పంచడానికైనా కొంత సమయం పోతుంది, ఇక్కడ ఆ సమయం కూడా లేదు. డబ్బు యూపీఐలో పంపాలి. పంపాల్సిన ఖాతాదారు పేరు రోజుకొకటి.

దొంగతనం బయటపడింది ఫోన్లో కాదు, మేత పుస్తకంలో. తండ్రి మొదటి రోజు నాతో అన్నమాట ఇది: "ఈ పంటకి మేత రెండు టన్నులు ఎక్కువ పడిందండి. రొయ్యేమో కౌంటుకి (కిలోకి ఎన్ని తూగాలో ఆ లెక్కకి) రాలేదు. రోగమేమోననుకున్నాను. ఆఖరికి పక్క చెరువాయన, మీవాడు మాకు తక్కువకి ఇస్తున్నాడు కదా అన్నాడండి." జూదానికి డబ్బు కోసం మేతను బస్తాకి నాలుగైదు వందలు తగ్గించి అమ్మేశాడు. ఇది అక్టోబరు 2024 సంగతి. నవంబరులో నా దగ్గరికి తీసుకొచ్చారు.

మొదటి రోజు

అప్పటికే ఒక ప్రయత్నం విఫలమై ఉంది. పాప నెత్తిన చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నారు. తొమ్మిదో రోజున మళ్లీ ఆడాడు. ఆ వారమే పాపకు జ్వరం వచ్చింది. తన ఒట్టు తప్పడం వల్లే వచ్చిందని అతను నిజంగా నమ్మాడు, ఆ భయంలో ఇంకా లోతుగా దాచడం నేర్చుకున్నాడు. బిడ్డల మీద ఒట్లు వేయించుకోవద్దని ఆ తర్వాత ప్రతి కుటుంబానికీ చెబుతున్నాను. ఒట్టు జూదాన్ని ఆపదు. తప్పిన రోజున నోరు విప్పి చెప్పుకునే దారిని మూసేస్తుంది.

జూదం సమస్య తీవ్రతను కొలిచే పీజీఎస్‌ఐ అనే తొమ్మిది ప్రశ్నల పట్టిక ఉంది. గత ఏడాది గురించి అడుగుతుంది, మొత్తం 27. ఎనిమిదీ అంతకు పైన వస్తే సమస్య ముదిరినట్టే. అతనికి 19 వచ్చాయి. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వాళ్ల మానసిక రోగ నిర్ధారణ పుస్తకం డీఎస్ఎమ్-5, 2013లో, జూదాన్ని మత్తుపదార్థాల వ్యసనాల సరసన చేర్చింది. అందులోని తొమ్మిది లక్షణాల్లో నాలుగుంటే చాలు, ఇతనికి ఏడున్నాయి. ఈ అంకెలు తండ్రికి చూపించాను. కొడుకు బుద్ధి చెడి ఇలా చేస్తున్నాడన్న కోపం తగ్గడానికి అవి పనికొచ్చాయి.

తర్వాత అందరినీ బయటికి పంపి అతన్ని ఒక్కణ్నీ కూర్చోబెట్టి సూటిగా అడిగాను: "చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?" కాసేపు కిందికి చూసి, "ఆయ్, అనిపించిందండి" అన్నాడు. జూదం అప్పుల్లో ఉన్నవాళ్లను ఈ ప్రశ్న అడగకుండా పంపకూడదు. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ. ఆ రోజే సైకియాట్రిస్టు దగ్గరికి పంపాను, డిప్రెషన్‌కు మందులు మొదలయ్యాయి. మొదటి రెండు వారాలు రాత్రి చెరువు దగ్గర ఒంటరిగా ఉండకూడదని తండ్రితో మాట్లాడి ఏర్పాటు చేశాం. రాత్రీ పగలూ పలికే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్, 14416, భార్య ఫోన్లోనూ అతని ఫోన్లోనూ వేయించాను.

తప్పిన ప్రయత్నాలు

అప్పు ఎంతని అడిగితే మొదటి రోజు ఆరు లక్షలన్నాడు. రెండు వారాలకు తొమ్మిదైంది. కొబ్బరితోటలో ఇరవై సెంట్లు అమ్మి మొత్తం తీర్చేస్తామని తండ్రి నన్నడిగారు. నేను సరేనన్నాను. అప్పుడు నా ఆలోచన ఇలా ఉంది: చావు తలపులకు మూలం అప్పు. అది దిగిపోతే ప్రాణానికి ముప్పు తగ్గుతుంది, మిగతాది నెమ్మదిగా చూసుకోవచ్చు. ఆ తర్కంలో సగమే నిజం. ఆ డబ్బు ఎవరి చేతుల మీదుగా పోవాలో నేను చెప్పలేదు. తండ్రి తొమ్మిది లక్షలూ కొడుకు ఖాతాలో వేశారు. ఐదు అప్పులవాళ్లకు చేరాయి. మిగిలిన నాలుగూ పదకొండు రాత్రుల్లో పోయాయి. పాత బాకీ కట్టగానే లోన్ యాప్‌లు పరిమితి పెంచాయి, అందులోనూ తీశాడు. ఇది నా మొదటి తప్పు.

ఆ కోపంలో ఇంట్లో స్మార్ట్ ఫోను లాగేసుకుని బటన్ల ఫోను ఇచ్చారు. పొద్దున్నే కౌంట్ రేట్లు వాట్సాప్ గ్రూపుల్లో వస్తాయి, మేత ఆర్డరూ అందులోనే. ఫోను లేని రైతు వ్యాపారి చెప్పిన రేటుకే తలూపాలి. ఆ ఏర్పాటు నిలవదని అనుకుంటూనే ఉన్నాను. నిలవలేదు, అయితే నేననుకున్నట్టు కాదు. చెరువు దగ్గర పనిచేసే కుర్రాడి ఫోను అడిగి తీసుకున్నాడు. ఆ కుర్రాడు ఇంటికి పంపడానికి దాచుకున్న 38 వేలు ఆ ఫోన్లోంచే పోయాయి.

జూదం సైట్లను అడ్డుకునే యాప్ కూడా వేశాం. ఇలాంటివి ఉపయోగమే, ఇప్పటికీ వాడమనే చెబుతాను. పాస్‌వర్డ్ మరొకరి దగ్గర ఉండాలి, అంతే. కాకపోతే వాటికి తెలిసిన సైట్లనే అవి ఆపుతాయి. జూదం ఆడించే ఏజెంటు గ్రూపులో పెట్టే లింకు నిన్న పుట్టి రేపు చస్తుంది. బ్రిటన్‌లో గామ్‌స్టాప్ అని ఒక ఏర్పాటుంది, ఒక్కసారి పేరు నమోదు చేసుకుంటే అక్కడ లైసెన్సున్న ఆన్‌లైన్ సంస్థలేవీ ఆ మనిషిని ఆడనివ్వకూడదు. మనకు అలాంటి జాతీయ జాబితా లేదు. దొంగచాటు ఏజెంటు ఏ జాబితానూ పట్టించుకోడు కాబట్టి, ఆటను ఆపడం మీద పెట్టే శక్తిని డబ్బు కదలికను ఆపడం మీద పెట్టాలని అప్పుడు తేల్చుకున్నాను.

రిజిస్టర్ అంచున రాసిన గంటలు

ఫిబ్రవరి 2025లో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం. ఆడొద్దని కాకుండా, ఆడాలనిపించిన ప్రతిసారీ టైము రాయమన్నాను. కొత్త పుస్తకమిస్తే దాచుకోవడం కష్టం. చెరువు రిజిస్టరు రోజూ రాసేదే, మేత ఎంత, నీళ్లలో ఆక్సిజన్ ఎంత, అని. దాని అంచున టైము వేసి చిన్న చుక్క పెట్టమన్నాను.

మూడు వారాల తర్వాత ఆ రిజిస్టరు నా టేబుల్ మీద విప్పాడు. నూనె మరకలు, తడిసి ఎండిన అట్ట. చుక్కలు ఎక్కడపడితే అక్కడ లేవు. దాదాపు అన్నీ రాత్రి రెండుకీ నాలుగుకీ మధ్యే. పగలు ఒకటో రెండో. వల వేసి రొయ్య బరువు చూసిన రోజు ఎదుగుదల బాగోకపోతే, ఆ రాత్రి మూడు నాలుగు చుక్కలు. అతనే వేలు పెట్టి చూపించాడు: "ఇక్కడ చూడండి, పదమూడు గ్రాములుండాల్సింది పదకొండే తూగింది. ఆ రాత్రే." నేను నాలుగు నెలలుగా 'వ్యసనం' అని పిలుస్తున్నదానికి ఒక గంట, ఒక చోటు, ఒక కారణం కనబడ్డాయి.

అప్పుడే ఇంకో సంగతి తెలిసింది. ఎందుకు ఆపలేకపోయావంటే ప్రతిసారీ ఒకే మాట చెప్పేవాడు: "పోయినచోటే వెతుక్కోవాలి కదండీ." నేను దాన్ని జూదరి మాటగా తీసుకుని పక్కన పెట్టేదాన్ని. అది రైతు మాట. తెల్లమచ్చ రోగం వచ్చి పంట పోతే చెరువు ఎండబెట్టి మళ్లీ సీడ్, అంటే రొయ్య పిల్లలు, వేస్తారు. పోయినది చెరువులోనే రావాలి, ఇంకెక్కడా రాదు. అతని తండ్రి రెండుసార్లు అలాగే లేచి నిలబడ్డారు. ఆ ఇంట్లో గౌరవం తెచ్చిన సూత్రం అది. దాన్ని తప్పని కొట్టేస్తే తండ్రిని కొట్టేసినట్టే.

అందుకని చెరువు భాషలోనే మాట్లాడాను. రొయ్య మేత తింటోందో లేదో చూడటానికి నీళ్లలో దించే పళ్లేన్ని చెక్ ట్రే అంటారు. "చెక్ ట్రేలో మేత మిగిలితే ఏం చేస్తారు?" "తర్వాతి మేత తగ్గిస్తామండి." "అంటే చెరువు మీకు కబురు చెబుతోంది. ఆ విమానం ఏం చెబుతోంది?" ఐదుసార్లు కింద పడితే ఆరోసారి పైకి పోవడం ఖాయమని చెబుతుందన్నాడు. వాదించలేదు. రూపాయి బిళ్ల ఇచ్చి, రాత్రిళ్లు ఎగరేసి రాసుకు రమ్మన్నాను. 600 సార్లు ఎగరేశాడు. వరసగా నాలుగు బొమ్మలు పడ్డ సందర్భాలు 36 దొరికాయి. ఆ తర్వాత బొమ్మ 17 సార్లు, బొరుసు 19 సార్లు. ఆ కాగితం చూస్తూ చాలాసేపు ఉండిపోయాడు. "దీనికి గుర్తే ఉండదాండీ?" అన్నాడు. బిళ్లకు ముందరి ఆట గుర్తుండదు, విమానానికీ ఉండదు. పైగా ఆట పెట్టినవాడి వాటా ప్రతిసారీ పక్కకు పోతూనే ఉంటుంది. చెరువులో అనుభవం పెరిగేకొద్దీ చెయ్యి తిరుగుతుంది. అక్కడ వెయ్యి ఆటలాడినా మొదటి ఆట దగ్గరే ఉంటారు.

గంట తెలిసింది కాబట్టి ఆ గంటలో ఏం చెయ్యాలో చూశాం. కోరిక అలలా లేచి, తీర్చకుండా ఉంటే అరగంటలోపు చాలావరకు దిగుతుంది. ఆ అరగంట దాటించాలి. రెండు చెరువుల గట్లూ టార్చి పట్టుకుని చుట్టి రావడానికి పదిహేను నిమిషాలు. ఆ తర్వాత ఒక ఫోను. రాత్రి రెండింటికి ఎవరు ఎత్తుతారు? పెదనాన్నగారి అబ్బాయి ఐస్ ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ, ఆ టైముకు మెలకువగానే ఉంటాడు. అతన్ని పిలిచి మాట్లాడాను. బుద్ధులు చెప్పొద్దు, ఒక్కటే అడగమన్నాను: "తమ్ముడూ, ఎన్ని తిరుగుతున్నాయి?" ఎనిమిది ఏరేటర్లూ తిరుగుతున్నాయంటే కబుర్లాడి పెట్టేస్తాడు. "ఏడేరా అన్నయ్యా" అంటే మనసు బాగోలేదని గుర్తు, ఐస్ ఫ్యాక్టరీ నుంచి బండి వేసుకుని వచ్చేస్తాడు. ఈ ఏడుకీ ఎనిమిదికీ తేడా వాళ్లిద్దరూ పెట్టుకున్నదే. నా సలహా కాదు. వారానికి మూడు రాత్రులు కాపలా తండ్రి తీసుకున్నారు.

డబ్బు దారి మార్చడం

మార్చిలో అప్పుల లెక్క మూడోసారి రాయించాను. 11 లక్షలు తేలింది. పాడుకున్న చీటీ, ఐదు రూపాయల వడ్డీకి తెచ్చినవి, పనికుర్రాడి 38 వేలు అప్పుడే బయటికొచ్చాయి. మొదటి లెక్కలో ఎవరూ అంతా చెప్పరు. అబద్ధమాడాలని కాదు, అవమానం కొద్దికొద్దిగానే నోటికొస్తుంది. ఇప్పుడు నేను మూడో లెక్క వచ్చేదాకా పైసా తీర్చనివ్వను. ఎక్కువ వడ్డీవి ముందు తీర్చమన్నాను. అతను కాదన్నాడు, కుర్రాడి డబ్బు ముందన్నాడు. అతనిదే సరైన మాట. ఆ 38 వేలు ఇచ్చిన రోజు నుంచే ఇంట్లోవాళ్ల మొహం చూసి మాట్లాడటం మొదలుపెట్టాడు. మిగతావి తండ్రే వెళ్లి అప్పులవాళ్ల చేతికి ఇచ్చి ప్రామిసరీ నోట్లు చింపించుకున్నారు. లోన్ యాప్‌వాళ్లు ఫొటోలు మార్ఫింగ్ చేస్తామని బెదిరిస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయించాం.

యూపీఐ సర్కిల్ అని 2024లో ఒక సదుపాయం వచ్చింది. ఒకరి ఖాతా మీద ఇంకొకరు చెల్లింపు చెయ్యవచ్చు. అందులో రెండు పద్ధతులు. ఒకటి, నెలకు 15 వేల దాకా, ఒక్కోసారి 5 వేలకు మించకుండా, అడక్కుండానే కట్టేయడం. రెండోది, ప్రతి చెల్లింపుకూ అసలు ఖాతాదారు తన ఫోన్లో పిన్ కొట్టడం. 15 వేలు ఒక్క రాత్రి గంటలో పోయే మొత్తం కాబట్టి మొదటిది వద్దనుకున్నాం. అతని ఫోన్లోంచి బ్యాంకు ఖాతాలన్నీ తీసేసి, భార్య ఖాతా కింద రెండో పద్ధతిలో చేర్చాం. అతను స్కాన్ చేస్తే ఆమె ఫోన్లో పేరు, మొత్తం కనబడతాయి. రాత్రి రెండింటికి ఆమె నిద్రలో ఉంటుంది. ఆ ఆలస్యమే మాకు కావాల్సింది. కార్డుకు ఆన్‌లైన్ వాడకం ఆపేయించాం. పట్టుబడి డబ్బు తండ్రీ కోడలూ ఇద్దరూ సంతకం పెడితేనే కదిలే ఖాతాకు మార్చాం, దానికి ఫోన్ బ్యాంకింగ్ పెట్టలేదు.

ఇక్కడే నా రెండో తప్పు. మే నెలలో ఓ రాత్రి కరెంటు పోయింది, జనరేటర్‌లో డీజిల్ అయిపోయింది, బంకు దగ్గర డబ్బు కట్టడానికి భార్య ఫోను ఎత్తలేదు. బంకులో కుర్రాడు తెలిసినవాడు కాబట్టి పంట బతికింది. మర్నాడు తండ్రీకొడుకులిద్దరూ నా మీద కోపంగా వచ్చారు. కోపం న్యాయమైనదే. జూదం వైపు నుంచి మాత్రమే ఆలోచించి తాళం వేశాను, అదే గంటలో చెరువుకు కూడా డబ్బు అవసరమని నాకు తట్టలేదు. పాత పద్ధతికి వెళ్లిపోదామన్నారు. ఒప్పుకోలేదు, కానీ తాళాన్ని చెరువుకు తగ్గట్టు సవరించాం. షెడ్డులో రెండు క్యాన్ల డీజిల్ ఎప్పుడూ నిల్వ, బంకులో తండ్రి పేరు మీద ఖాతా. తాళం వేసేముందు ఆ మనిషి పనిలో డబ్బు ఏ ఏ గంటల్లో నిజంగా అవసరమో ఇప్పుడు కాగితం మీద రాయించుకుంటున్నాను.

భార్య అలసట గురించి కూడా చెప్పాలి. రెండు నెలలకు ఆమె ఒంటరిగా వచ్చి, "నేను పెళ్లాన్నా, బ్యాంకు మేనేజర్నా?" అని ఏడ్చింది. ప్రతి రిక్వెస్టుకూ గొడవ జరుగుతోంది. ఆమె అడగాల్సింది "ఎవరికి?" అన్న ఒక్క మాటేనని ముగ్గురం కూర్చుని ఒప్పందం చేసుకున్నాం. జవాబు సరిపోకపోతే పిన్ కొట్టదు, తిట్టదు, మర్నాడు పగలు మాట్లాడతారు. నెలకో ఆదివారం ఆ ఫోను మామగారి దగ్గర పెట్టి పుట్టింటికి వెళ్లి వస్తుంది.

చట్టం వచ్చాక

ఆగస్టు 2025లో దేశమంతటికీ వర్తించేలా కేంద్రం ఆన్‌లైన్ గేమింగ్ చట్టం తెచ్చింది. 22న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా లేకుండా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు, వాటి ప్రకటనలు, వాటికి బ్యాంకుల ద్వారా డబ్బు పంపడం, అన్నిటినీ నిషేధించింది. ఆడినవాడికి అందులో శిక్ష లేదు. మన రాష్ట్ర చట్టంలో ఆడినవాళ్లకూ జైలుందన్న భయంతోనే ఇతను రెండేళ్లు నోరు విప్పలేదు కాబట్టి, ఆ సంగతి విడమరిచి చెప్పాను.

పేరున్న యాప్‌లు మూతపడ్డాయని సంతోషించాడు. మూడు వారాల తర్వాత పాత ఏజెంటు నుంచి కొత్త లింకు వచ్చింది. చెరువులో పడిన పీతలు అమ్మిన డబ్బు చేతిలో ఉంది. స్నేహితుడి ఫోన్లోంచి పంపించుకుని 3,200 పోగొట్టుకున్నాడు. మర్నాడు పొద్దున పది గంటలకు భార్యకు తనే చెప్పాడు. 2024లో చెప్పడానికి నెలలు పట్టి, అది కూడా మేత పుస్తకం పట్టిచ్చాకే చెప్పినవాడు, ఇప్పుడు ఎనిమిది గంటల్లో చెప్పాడు. ఆమె తిట్టలేదు. పీతల డబ్బు కూడా ఇకపై తండ్రి పెట్టెలో వెయ్యాలని ఇద్దరూ అనుకున్నారు. నేను ఆ రోజున పెద్దగా చేసిందేమీ లేదు.

ఈ జనవరిలో సంక్రాంతికి బరి దగ్గరికి వెళ్లొచ్చా అని అడిగాడు. వెళ్లకపోతే మంచిదన్నాను. తండ్రి పక్కనే కూర్చుని విని, "అయితే నేనూ వెళ్లనులెండి" అన్నారు. ఆ మూడు రోజులూ ఇద్దరూ గేలం వేసుకుని కాలవ గట్టున కూర్చున్నారట.

పీజీఎస్‌ఐ ఇప్పుడు 6. అప్పు నాలుగు లక్షల దాకా మిగిలి ఉంది. మందుల మోతాదు సైకియాట్రిస్టు నెమ్మదిగా తగ్గిస్తున్నారు. వచ్చే పట్టుబడి మార్చి చివరి వారంలో. దానికి ముందు అందరం కూర్చుంటాం. ఐస్ ఫ్యాక్టరీలో ఆ వారం అన్నయ్యకు పగటి డ్యూటీ పడిందట. రాత్రి రెండింటికి ఫోను ఎవరు ఎత్తాలో ఇంకా తేలలేదు.